ఇంజనీరింగ్ సీటు దాకా పది నెలలు: ఏ పని ఎప్పుడు, ఎవరు

2025 క్యాలెండరు ఒకసారి తిరగేద్దాం. జనవరి 22న జేఈఈ మెయిన్ (ఎన్‌ఐటీల లాంటి కేంద్ర సంస్థల ప్రవేశ పరీక్ష) మొదటి విడత మొదలైంది. ఫిబ్రవరి 3 నుంచి తెలంగాణలో ఇంటర్ ప్రాక్టికల్స్. 11న మెయిన్ ఫలితం, 25లోగా రెండో విడతకు దరఖాస్తు. మార్చి 5 నుంచి ఇంటర్ పరీక్షలు, వాటికి నాలుగు రోజుల ముందే తెలంగాణ ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ దరఖాస్తు తెరిచారు. ఏప్రిల్ 2 నుంచి మెయిన్ రెండో విడత, 22న ఇంటర్ ఫలితాలు, మే 2 నుంచి ఎప్‌సెట్, 18న ఐఐటీల కోసం జేఈఈ అడ్వాన్స్‌డ్, 26 నుంచి బిట్స్ వాళ్ల బిట్‌శాట్. జూన్ 3న ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు కేటాయించే జోసాలో రిజిస్ట్రేషన్, ఆ నెలాఖరున ఎప్‌సెట్ కౌన్సెలింగ్ (సీట్ల కేటాయింపు). తేదీలు ఏటా కాస్త అటూ ఇటూ జరుగుతాయి గానీ వరస మాత్రం దాదాపు ఇదే.

పదిహేడేళ్ల పిల్లవాడికి ఇది ఒక్క ముద్దలా కనిపిస్తుంది. విడదీసి చూస్తే ఇందులో మూడు రకాల పనులున్నాయి: పరీక్షలు రాయడం, కాగితాలు సిద్ధం చేసుకోవడం, కాలేజీ-బ్రాంచి ఎంచుకోవడం. పరీక్ష తేదీలు మన చేతిలో లేవు. మిగతా రెండూ చాలావరకు మన చేతిలోనే ఉన్నాయి. అయినా దాదాపు ప్రతి ఇంట్లో ఆ రెండూ కూడా ఫిబ్రవరి-జులై మధ్యే, పరీక్షల మీదే వచ్చి పడతాయి. ఒత్తిడిలో పెద్ద భాగం అక్కడిదే. సిలబస్ కష్టం దానికి తోడవుతుంది, అంతే.

కాగితాల పని పిల్లలది కాదు. అమ్మో నాన్నో, అన్నో అక్కో, ఇంట్లో ఒకరు గుమస్తా అవతారం ఎత్తాలి. పిల్లల వంతు సంతకం, ఫొటో, ఓటీపీ చెప్పడం వరకే.

ముందు ఎన్ని పరీక్షలో తేల్చండి

సెప్టెంబరులో కూర్చుని తేల్చాల్సిన మొదటి సంగతి ఇది. పది పన్నెండు అప్లికేషన్లు పెట్టేస్తే ఎక్కడో ఒకచోట తగలకపోతుందా అనే లెక్క చాలామందిది. ఒక్కో పరీక్షకూ ఫీజు, సెంటరుకు ప్రయాణం, ముందు రోజు పాడయ్యే నిద్ర, ఫలితం కోసం ఎదురుచూపు ఉంటాయి. మా లెక్కలో జేఈఈ మెయిన్, సొంత రాష్ట్రం సెట్ (తెలంగాణలో ఎప్‌సెట్, ఆంధ్రాలో ఈఏపీసెట్), ఆ పైన బిట్‌శాట్ లాంటిది ఒకటి, ఇంటి ఆర్థిక పరిస్థితికి అందే డీమ్డ్ యూనివర్సిటీ పరీక్ష ఒకటి చాలు. ఐదోది పెట్టాలనిపిస్తే నాలుగింటిలో ఒకటి తీసేయండి.

రెండు రాష్ట్రాల సెట్లూ రాయించడం పాత అలవాటు. విభజన చట్టం ప్రకారం పదేళ్లు సాగిన ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. ఆ తర్వాత, 2025లో తెలంగాణ స్థానికులకు కేటాయించని (అన్‌రిజర్వ్‌డ్) 15 శాతం సీట్లను కూడా రాష్ట్రంతో సంబంధం ఉన్నవారికే పరిమితం చేసింది. కాబట్టి పక్క రాష్ట్రం సెట్‌కు డబ్బు కట్టే ముందు ఆ ఏటి బులెటిన్‌లో స్థానికత పేజీ చదవండి. చాలామందికి ఒక పరీక్ష అక్కడే తగ్గిపోతుంది.

స్థానికతలో ఇంకో మెలిక ఉంది. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి. ఇక్కడ సొంత రాష్ట్రమంటే పుట్టిన ఊరు కాదు, పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. విజయవాడ పిల్లవాడు హైదరాబాద్‌లో ఇంటర్ చదివితే అతని హోం స్టేట్ ఎన్‌ఐటీ వరంగల్ అవుతుంది, తాడేపల్లిగూడెం కాదు. రాష్ట్ర సెట్‌లో మాత్రం లెక్క వేరు: ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివాడన్నది ముందు చూస్తారు, అది కుదరకపోతే ఏడేళ్ల చదువు తీస్తారు. అంటే ఒకే పిల్లవాడు ఒకచోట తెలంగాణ, మరోచోట ఆంధ్ర కావచ్చు. ఇది జూన్‌లో కౌన్సెలింగ్ వేళ తెలిస్తే గుండె జారిపోతుంది. సెప్టెంబరులో తెలిస్తే ఆప్షన్ల లెక్క మారుతుంది, అంతే.

పేరు, ఫోను, మెయిలు

దసరా సెలవుల్లో చేయాల్సిన పని పేర్లు సరిచూడటం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంటుంది. ఆధార్‌లో పొడి అక్షరం, అదీ చివర ఉంటుంది. కుల ధ్రువపత్రంలో తండ్రి పేరు మూడో రకంగా ఉంటుంది. అన్నిటికీ ఆధారం పదో తరగతి మెమోయే. ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్పించండి. పుట్టినతేదీ తేడా ఉంటే ఇంకా ముందే మొదలుపెట్టాలి. సెంటరులో వేలిముద్ర వేసి వచ్చినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు, మారిన ఆధార్ చేతికి రావాలి. మెయిన్ దరఖాస్తు సాధారణంగా అక్టోబరు చివర తెరుచుకుని మూడు నాలుగు వారాల్లో ముగుస్తుంది.

ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ అన్ని దరఖాస్తులకూ ఒకటే ఉండాలి. అవి ఇంట్లోవాళ్లవే కావాలి. కార్పొరేట్ కాలేజీల్లో దరఖాస్తులు కాలేజీవాళ్లే మూకుమ్మడిగా నింపేస్తుంటారు, అదొక సౌకర్యమే. కానీ వాళ్ల నంబరు, వాళ్ల మెయిల్ ఇచ్చి నింపితే, జూన్‌లో జోసాలో లాగిన్ కావడానికి ఓటీపీ కాలేజీ ఆఫీసు ఫోనుకి వెళ్తుంది. అప్పటికి ఆ ఉద్యోగి మారిపోయి ఉండొచ్చు, ఫోన్ ఎత్తకపోవచ్చు. కాలేజీ నింపినా సరే, కన్ఫర్మేషన్ పేజీ ప్రింటు తెప్పించుకుని పేరు, కేటగిరీ, ఫోను, పన్నెండో తరగతి రాష్ట్రం, ఈ నాలుగూ చూడండి. తప్పుంటే సవరణ విండో తెరిచే రెండు మూడు రోజుల్లోనే దిద్దుకోవాలి. 2025 మెయిన్‌లో ఫోను, మెయిలు మాత్రం అప్పుడు మార్చనివ్వలేదు, అవి మొదటే సరిగ్గా పడాలి.

అరవై పేజీల నోటుపుస్తకం ఒకటి కొని, పరీక్షకో పేజీ చొప్పున అప్లికేషన్ నంబరు, పాస్‌వర్డు, కట్టిన ఫీజు, తర్వాతి తేదీ రాసిపెట్టుకోండి. వాట్సాప్‌లో వెతుక్కోవడం కన్నా ఇది నయం.

ఫొటో సంగతి చిన్నదే, కానీ తిరస్కరణలు ఎక్కువ. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్, చెవులు కనబడాలి, ఫ్రేములో ఎనభై శాతం ముఖమే ఉండాలి. ఒకేసారి తీయించి, అవే ఫొటోలు పది కాపీలు కవర్లో దాచండి.

ధ్రువపత్రాలకు తేదీలున్నాయి

కాగితాల్లో అన్నీ ముందే తీసుకోదగ్గవి కావు. కొన్ని తొందరపడి తీసుకుంటే చెల్లవు.

ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఎప్పుడైనా తీసుకోవచ్చు, సంక్రాంతి లోపు తీసుకోవడం మంచిది. ఏప్రిల్ చివర స్కూళ్లకు సెలవులిచ్చాక ఆఫీసు గదికి తాళం పడుతుంది, మళ్లీ జూన్ రెండో వారంలోనే తీస్తారు. కౌన్సెలింగ్ స్లాట్లు సరిగ్గా ఆ తర్వాతే. చదివిన స్కూలు మూతపడితే రికార్డులు ఎక్కడికి వెళ్లాయో మండల విద్యాధికారి ఆఫీసులో అడగాలి. దానికి వారాలు పట్టొచ్చు.

ఆదాయ ధ్రువపత్రం ఆ క్యాలెండరు సంవత్సరానిది కావాలి. తెలంగాణ కౌన్సెలింగ్‌లో జనవరి 1 తర్వాత ఇచ్చినదే అడుగుతున్నారు. డిసెంబరులో తీసుకుంటే మళ్లీ మీ సేవ చుట్టూ తిరగాలి.

అసలు దెబ్బ కొట్టేది కేంద్ర సంస్థలకు అవసరమైన ఓబీసీ-ఎన్‌సీఎల్ (క్రీమీలేయర్‌లో లేని ఓబీసీ), ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాలు) పత్రాలు. ఎన్‌ఐటీ, ఐఐటీ సీట్లకు ఇవి ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత జారీ అయినవే కావాలి. నవంబరులో తెచ్చుకున్నది ఉంది కదా అని ధీమాగా ఉన్నవాళ్లు జోసా వెరిఫికేషన్‌లో ఇరుక్కుంటారు. రిజర్వేషన్ పోతుంది, దాంతో వచ్చిన సీటూ పోతుంది. ఏప్రిల్ మొదటి వారంలోనే మీ సేవలోనో, ఆంధ్రాలో అయితే గ్రామ, వార్డు సచివాలయంలోనో దరఖాస్తు పెట్టండి. ఆ వారంలో పిల్లలు మెయిన్ రెండో విడత రాస్తుంటారు కాబట్టి ఈ తిరుగుడు పెద్దవాళ్లదే. ఇంకో మాట: రాష్ట్రంలో ఇచ్చే బీసీ-ఎ, బి, సి, డి, ఇ పత్రం వేరు, కేంద్రం ఫార్మాట్‌లోని ఓబీసీ పత్రం వేరు. రాష్ట్ర బీసీ జాబితాలోని కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు. మీ కులం ఉందో లేదో మెయిన్ దరఖాస్తుకు ముందే చూసుకోవాలి.

టీసీ జూనియర్ కాలేజీలో ఉంటుంది. ఫీజు బకాయి ఉంటే అది కదలదని అందరికీ తెలుసు. ఫలితాలు వచ్చిన వారంలో కట్టాల్సిన మొత్తం ఎంతో ఫిబ్రవరిలోనే అడిగి రాసుకుంటే, ఏప్రిల్‌లో అప్పు కోసం పరుగు ఉండదు.

హాస్టల్లో ఉన్న పిల్లలైతే వీటన్నిటికీ నెలకోసారి వచ్చే ఔటింగ్ రోజే దిక్కు. ఆ రోజు సగం కాగితాలకు, సగం ఇంటి భోజనానికి. ఔటింగ్‌లో మార్కుల లెక్కలు తీయకపోతే ఇంకా మంచిది.

పరీక్షకో నడక

జేఈఈ మెయిన్‌లో మూడు గంటల్లో 75 ప్రశ్నలు. ఒక్కోదానికి రెండు నిమిషాల పైన దొరుకుతుంది, తప్పుకు ఒక మార్కు కోత. ఎప్‌సెట్‌లో అదే మూడు గంటల్లో 160 ప్రశ్నలు: గణితం 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ప్రశ్నకు అరవై ఏడు సెకన్లు, కోత లేదు. బిట్‌శాట్‌లో 130 ప్రశ్నలు, సరైనదానికి 3, తప్పుకు 1 కోత. మెయిన్‌కు అలవాటుపడిన పిల్లవాడు ఎప్‌సెట్‌లో ఒక లెక్క దగ్గర మూడు నిమిషాలు కూర్చుంటాడు. చివర్లో నలభై ప్రశ్నలు మిగిలిపోతాయి, బయటికొచ్చి "వచ్చినవే రాయలేకపోయా" అని ఏడుస్తాడు. చదువు తక్కువై కాదు, వేగం మార్చుకోక.

అందుకే ఏప్రిల్‌లో మెయిన్ అయిపోయిన మర్నాడు కొత్త పాఠం మొదలుపెట్టకూడదు. రెండు రోజులు పూర్తిగా వదిలేసి, ఆ తర్వాత ఎప్‌సెట్ దాకా రోజు విడిచి రోజు ఒక పూర్తి పేపరు రాస్తే చాలు. మధ్య రోజు ఆ పేపరులో ఆలస్యమైన ప్రశ్నలు మాత్రమే చూసుకోవాలి. ఎప్‌సెట్‌లో చివరి ఐదు నిమిషాలు ఖాళీ ప్రశ్నలన్నిటికీ ఏదో ఒకటి పెట్టడానికి. అది కూడా సాధన చేయాల్సిందే.

మెయిన్ రెండు విడతల్లో మంచి స్కోరే లెక్కలోకి వస్తుంది. జనవరిని ఆఖరి తీర్పులా చూడటం వల్ల ఫిబ్రవరి పాడవుతుంది, ఫిబ్రవరి పాడైతే ఇంటర్ పాడవుతుంది. పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచాలి. 90 పర్సంటైల్ అంటే రాసినవాళ్లలో నూటికి తొంభై మంది అతని స్కోరు దగ్గరో, కిందో ఉన్నారని అర్థం.

ఇంటర్ మార్కులకు ఎంత విలువ ఇవ్వాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్ ర్యాంకులో గ్రూపు సబ్జెక్టుల (గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ) మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. అక్కడ ప్రతి మార్కూ ర్యాంకే. తెలంగాణలో ఆ వెయిటేజీ తీసేశారు, గ్రూపు సబ్జెక్టుల్లో ఓసీలకు 45 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం ఉంటే చాలు. ఎన్‌ఐటీ, ఐఐటీ కావాలంటే 75 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 65; లేదా తమ బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. బిట్స్‌కు ఎంపీసీలో కలిపి 75, ఒక్కోదానిలో 60. తెలంగాణ పిల్లవాడు ఈ గీతలు దాటేలా చదివితే సరిపోతుంది. అతన్ని 990 మార్కుల కోసం మార్చిలో రాత్రంతా కూర్చోబెట్టడంలో అర్థం లేదు.

ఎప్‌సెట్ దరఖాస్తు ఇంటర్ పరీక్షల ముంగిట తెరుచుకుంటుందని మొదట చెప్పుకున్నాం. ఆలస్య రుసుము 250 రూపాయలతో మొదలై 5,000 దాకా పోతుంది. తెరిచిన వారంలోనే, పిల్లల్ని కదపకుండా, నోటుపుస్తకం ముందు పెట్టుకుని పెద్దవాళ్లు నింపేయాలి.

ఆప్షన్ల జాబితా మే నెలలోనే

ఇక అసలు విషయం. రాష్ట్ర కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లకు, అంటే కావాల్సిన కాలేజీ-బ్రాంచిలను ఆన్‌లైన్లో వరసగా పెట్టడానికి, ఇచ్చే గడువు నాలుగైదు రోజులు. ఆ నాలుగైదు రోజుల్లోనే కాలేజీల పేర్లు మొదటిసారి వినేవాళ్లు ఎంతమందో! పక్కింటి అంకుల్ సలహా, యూట్యూబ్ జోస్యాలు, పీఆర్‌వోల ఫోన్లు అన్నీ అప్పుడే మొదలవుతాయి. జాబితా మే ఆఖరికల్లా కాగితం మీద ఉంటే, ఆ రోజుల్లో చేయాల్సింది టైపింగే.

తయారీ ఇలా. కౌన్సెలింగ్ వెబ్‌సైట్లో గతేడాది చివరి ర్యాంకుల పట్టిక ఉంటుంది. కాలేజీ, బ్రాంచి వారీగా, కేటగిరీకి అబ్బాయిలది ఒక గడి, అమ్మాయిలది ఒక గడి. మీ గడి ఒక్కటే చూడండి, పక్క గడులతో పని లేదు. ర్యాంకు 18 వేలు అనుకుందాం. గతేడాది 10 నుంచి 15 వేల మధ్య ఆగిన సీట్లు ఓ పదిహేను, 15 నుంచి 23 వేల మధ్య ఆగినవి ముప్పై, ఆ పైన ఆగినవి ఇంకో పాతిక రాసుకోండి. డెబ్బై ఆప్షన్లయ్యాయి. ఇప్పుడు ఆ ర్యాంకుల వరస మర్చిపోయి, మీకు ఏది ఎక్కువ ఇష్టమో ఆ వరసలో మళ్లీ రాయండి.

ఇక్కడే అందరూ పొరబడతారు. రాని కాలేజీ పైన పెడితే వచ్చేది పోతుందేమోనని భయం. పోదు. కంప్యూటర్ ర్యాంకుల వరసలో ఒక్కొక్కరి జాబితా తీస్తుంది. మీ వంతు వచ్చాక మొదటి ఆప్షన్ చూస్తుంది. అక్కడ మీకు సీటు లేకపోతే రెండోది, తర్వాత మూడోది, ఎక్కడ మిగిలి ఉంటే అక్కడ ఇచ్చేస్తుంది. పైన పెట్టినందుకు నష్టం లేదు. నష్టమంతా రెండు చోట్ల: జాబితా పదిహేనుతో ఆపేయడం, ఇష్టం లేనిదాన్ని ఇష్టమైనదానికన్నా పైన పెట్టడం. రెండోది చేస్తే ఇష్టం లేనిదే వస్తుంది, యంత్రం మాట తప్పదు.

బ్రాంచి కోడ్ల దగ్గర కళ్లజోడు పెట్టుకోవాలి. సీఎస్‌ఈ, సీఎస్‌ఎం, సీఎస్‌డీ, సీఎస్‌సీ అన్నీ ఒకేలా కనబడతాయి. మొదటిది మామూలు కంప్యూటర్ సైన్స్, రెండోది ఏఐ-ఎంఎల్, మూడోది డేటా సైన్స్, నాలుగోది సైబర్ సెక్యూరిటీ. ఒక అక్షరం తేడాతో నాలుగేళ్ల చదువు మారుతుంది. ఒకరు చదువుతుంటే ఇంకొకరు ఎక్కించడం, చివర ప్రింటు తీసి మళ్లీ ఒకసారి కాగితంతో పోల్చడం, ఈ రెండూ తప్పనిసరి. ఇంటర్నెట్ సెంటర్లో పాస్‌వర్డు వదిలి రాకండి. 2025లో తెలంగాణలో మొదటి విడతలో అసలు కేటాయింపుకు ముందు మాక్ అలాట్‌మెంట్ (నమూనా కేటాయింపు) ఇచ్చారు. అలాంటిది ఉంటే, మాక్‌లో వచ్చిన సీటు చూసి కంగారుపడి జాబితా మొత్తం తిరగరాయకూడదు, తప్పు కనబడితే దిద్దుకోవాలి.

మొదటి విడతలో సీటొస్తే గడువులోగా ఫీజు కట్టి ఆన్‌లైన్లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నట్టు తెలపడం) చేయాలి, లేకపోతే సీటు పోతుంది. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెడితే చేతిలో ఉన్న సీటుకన్నా నిజంగా మెరుగైనవే పెట్టండి. కొత్తది రాగానే పాతది దానంతటదే పోతుంది, వెనక్కి రాదు.

జోసాలో ఈ సౌలభ్యం కూడా లేదు. జాబితా ఒక్కసారే లాక్ అవుతుంది, తర్వాతి రౌండ్లన్నీ దాని మీదే. సీటొచ్చాక ఫ్రీజ్ అంటే ఇది చాలు, ఫ్లోట్ అంటే జాబితాలో పైన ఏదొచ్చినా ఇవ్వండి, స్లయిడ్ అంటే ఇదే సంస్థలో మెరుగైన బ్రాంచి వస్తేనే ఇవ్వండి. నిర్ణయించుకోలేకపోతే ఫ్లోట్ పెట్టి నిద్రపోవచ్చు, పైన ఉన్నవన్నీ మీరు కోరుకున్నవే కదా.

డబ్బు తొందరపెడుతుంది

ప్రైవేటు యూనివర్సిటీలు ఏప్రిల్, మేలలోనే "వారంలో కట్టకపోతే సీటు ఉండదు" అంటాయి. లక్షల్లో కట్టేశాక ఇంట్లో అందరి చూపూ పిల్లవాడి మీదే. 2024-25లో సెప్టెంబరు 30లోపు మానుకుంటే మొత్తం ఫీజు, అక్టోబరు 31లోపు అయితే వెయ్యి రూపాయలకు మించకుండా కోసి మిగతాది తిరిగి ఇవ్వాలని యూజీసీ చెప్పింది. ఆ ఏటి యూజీసీ ప్రకటన ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకుని కట్టండి, రసీదు మీద "ట్యూషన్ ఫీజు" అని ఉందో లేదో చూడండి. వచ్చినా ఆ డబ్బు వెంటనే రాదు. కాలేజీ ఫీజుకు దాన్ని నమ్ముకోవద్దు.

ఇంట్లో మాటలు

సీటు గురించి, ర్యాంకు గురించి మాట్లాడుకోవడానికి వారంలో ఒక గంట పెట్టుకోండి, ఆదివారం సాయంత్రం అనుకోండి. మిగతా రోజుల్లో భోజనాల దగ్గర ఆ ఊసు వద్దు. "ఎంతొచ్చింది?" అని అడిగే చుట్టాల ఫోన్లు ఇంట్లో ఒకరే ఎత్తాలి.

ఫలితాల రోజు పిల్లల్ని ఒంటరిగా వదలొద్దు. ఇంటర్‌లో ఒక సబ్జెక్టు పోయినా ఏడాది పోదు. 2025లో తెలంగాణ సప్లిమెంటరీ మే 22 నుంచి జరిగి, ఫలితాలు జూన్ మధ్యలో, అంటే కౌన్సెలింగ్‌కు ముందే వచ్చాయి. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ కూడా ఉన్నాయి. ఈ సంగతి ఫలితాలకు ముందే, మామూలు రోజున, మామూలు గొంతుతో చెప్పాలి. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, నచ్చే స్నేహితులతో కూడా మాట్లాడకపోవడం రెండు వారాలు దాటితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు అక్కర్లేదు.

మూడు విడతలయ్యాక కూడా కోరుకున్న బ్రాంచి రాకపోతే తెలంగాణలో ఇంటర్నల్ స్లయిడింగ్ ఉంది. అదే కాలేజీలో ఖాళీ ఉన్న బ్రాంచికి కౌన్సెలింగ్ నడిపే కన్వీనర్ ద్వారానే మారొచ్చు, ఫీజు రీయింబర్స్‌మెంట్ పోదు. మిగిలిన సీట్లను కాలేజీయే నేరుగా నింపే స్పాట్ అడ్మిషన్‌లో చేరితే ఆ రీయింబర్స్‌మెంట్ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో ఇచ్చే ముందు అన్నీ స్కాన్ చేసి, జిరాక్స్ ఐదు సెట్లు ఇంట్లో పెట్టుకోండి. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు మళ్లీ అవే కావాలి.